మెనోపాజ్ దాటాక, కీళ్ల నొప్పులతోనే బరువు తగ్గడం ఎలా?

"ఈ మోకాళ్ల నొప్పి కాస్త తగ్గనీ, అప్పుడు నడక మొదలుపెడతాను." నెలసరి ఆగిపోయిన ఆడవాళ్ల నోట తరచూ వినిపించే మాట ఇది. సబబుగానే అనిపిస్తుంది. కానీ అలా ఎదురుచూస్తూ కూర్చుంటే నొప్పీ తగ్గదు, బరువూ తగ్గదు. కదలకపోతే తొడ కండరం సన్నబడుతుంది, అది సన్నబడితే మోకీలు మీద భారం పెరుగుతుంది, భారం పెరిగితే కదలబుద్ధి కాదు. అందుకే ఇక్కడ వరస మార్చి చెబుతున్నాను: ముందు కండరం, తర్వాత తిండి, ఆ తర్వాతే నడక.

వరుసగా 12 నెలలు నెలసరి రాకపోతే మెనోపాజ్ వచ్చినట్టు. ఎక్కువమందికి ఇది 45-55 ఏళ్ల మధ్య వస్తుంది. ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ పడిపోవడంతో అంతదాకా తుంటి, తొడల దగ్గర చేరిన కొవ్వు పొట్ట చుట్టూ చేరడం మొదలవుతుంది. వయసుతోపాటు కండ కరుగుతుంది కాబట్టి ఒంటికి అయ్యే శక్తి ఖర్చూ తగ్గుతుంది. పదేళ్ల కిందట తిన్నంతే తింటున్నా బరువు పెరగడానికి ఇదీ ఒక కారణం. దయచేసి దీన్ని మీ బద్ధకం ఖాతాలో వేసుకోకండి.

ఇక మంచి కబురు. ఒంట్లోంచి ఒక కిలో తగ్గితే, వేసే ప్రతి అడుగుకీ మోకాలి మీద దాదాపు 4 కిలోల భారం తగ్గుతుంది. కాబట్టి 20 కిలోల గురించి బెంగ పెట్టుకోవద్దు. ఇప్పుడున్న బరువులో 5 శాతం, అంటే 80 కిలోల మనిషికి 4 కిలోలు, మొదటి గురిగా పెట్టుకోండి. మోకాళ్లకు ఆ తేడా తెలుస్తుంది.

మొదట డాక్టరు దగ్గరకు

నొప్పి ఎందుకు వస్తోందో తెలుసుకోకుండా వ్యాయామం మొదలుపెట్టకండి. పొద్దున లేవగానే కీళ్లు అరగంట దాటినా బిగుసుకుపోయే ఉంటే, వేళ్ల కణుపులు వాచి ముట్టుకుంటే వెచ్చగా అనిపిస్తే, అది మామూలు అరుగుదల కాకుండా, ఒంటి రోగనిరోధక శక్తే కీళ్ల మీద దాడి చేసే రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ లాంటిది కావచ్చు. దానికి మందులు వేరు, ఆలస్యమైతే కీళ్లు పాడవుతాయి. థైరాయిడ్, షుగర్, విటమిన్ డి పరీక్షల గురించి అడగండి. వాడుతున్న మందుల చీటీ కూడా తీసుకెళ్లండి. స్టెరాయిడ్లు, ఇన్సులిన్, కొన్ని డిప్రెషన్ మందులు బరువు పెంచుతాయి. అలాగని వాటిని సొంతంగా మానేయకూడదు. నొప్పి బిళ్లలను రోజూ మింగడం కూడా వద్దు, వాటిలో చాలావాటితో కడుపుకీ కిడ్నీలకూ చేటు. మోకాలికీ చేతివేళ్లకూ పైపూత జెల్ సరిపోతుందేమో కనుక్కోండి. ఇంకో మాట: మెనోపాజ్ తర్వాత ఒక్క చుక్క రక్తం కనిపించినా డాక్టరుకు చెప్పాల్సిందే.

కుర్చీతో మొదలుపెట్టండి

నన్నడిగితే ఒక్క వ్యాయామమే చేయగలిగిన మనిషి దీన్నే చేయాలి. జిమ్ము అక్కర్లేదు, గట్టి కుర్చీ ఒకటి చాలు. జరిగిపోకుండా గోడకు ఆనించి పెట్టండి. మోకాళ్లు బాగా నొప్పెడుతుంటే సీటు మీద గట్టి దిండు వేసి ఎత్తు పెంచండి. ఎత్తు పెరిగితే మోకాలు తక్కువ వంగుతుంది, లేవడం తేలికవుతుంది.

సీటు అంచుకు జరిగి కూర్చోండి. పాదాలు కాస్త ఎడంగా పెట్టి, మడమల్ని మోకాళ్లకన్నా కొంచెం వెనక్కి జరపండి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. పాదాలు ముందుకు చాపి ఉంచి లేవబోతారు, భారమంతా మోకాలి చిప్ప మీద పడుతుంది. ఇప్పుడు ముక్కు కాలివేళ్లకు సూటిగా వచ్చేదాకా తుంటి దగ్గర ముందుకు వంగండి. మడమలతో నేలను నొక్కుతూ లేవండి. మోకాళ్లు ఒకదానివైపు ఒకటి వాలిపోతున్నాయేమో చూసుకోండి. అసలు పని కూర్చోవడంలో ఉంది. ధబ్బున కూలబడకుండా, నాలుగు లెక్కపెట్టేదాకా నెమ్మదిగా దిగండి. అవసరమైతే చేతులు ఆనించుకోవచ్చు.

ఐదుసార్లు చేసి, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఐదుసార్లు. వారానికి మూడు రోజులు, మధ్యలో ఒక రోజు విరామం. పదేసి చొప్పున మూడు విడతలు తేలిగ్గా చేయగలిగిన రోజున దిండు తీసేయండి.

అదీ కష్టమైతే మంచం మీద కాళ్లు చాపి, మోకాలి కింద తువ్వాలు చుట్టి పెట్టి, దాన్ని ఐదు సెకన్లపాటు కిందికి అదమండి. తొడ కండరం గట్టిపడటం చేత్తో పట్టుకుంటే తెలుస్తుంది. పదిసార్లు చాలు.

తిండి తగ్గించే ముందు ప్రొటీన్ పెంచండి

అన్నిటికన్నా చేటు చేసేది పూటలకు పూటలు మానేయడం. త్వరగా దిగిన బరువులో కొవ్వుతోపాటు కండ, ఎముక బలం కూడా పోతాయి. మెనోపాజ్ తర్వాత ఎముకలు ఎలాగూ గుల్లబారుతుంటాయి, వాటి మీద ఇంకో దెబ్బ వేయకూడదు.

రోజుకు మీ బరువులో కిలోకు 1 నుంచి 1.2 గ్రాముల ప్రొటీన్ అందేలా చూసుకోండి. 70 కిలోల మనిషికి 70-84 గ్రాములు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టరు చెప్పినంతే తినాలి. ఒక గుడ్డులో ఉండేది దాదాపు 6 గ్రాములే. రాత్రి ఒక్కపూట పప్పు తిన్నా ఈ లెక్కకు చేరుకోలేరు. పప్పులు, పెరుగు, గుడ్లు, చేపలు, సోయా, ఏది ఇష్టమైతే అది మూడు పూటలకూ పంచుకోవాలి. కంచంలో సగం కూరగాయలు, పావు వంతు ప్రొటీన్, మిగిలిన పావులో అన్నమో రొట్టో. తీపి పానీయాలు, వేపుళ్లు, ఊసుపోక నమిలే చిరుతిళ్లు తగ్గితే రోజుకు 300-500 కేలరీలు తగ్గుతాయి. వారానికి అరకిలో దిగినా బాగా దిగుతున్నట్టే. 50 దాటిన ఆడవాళ్లకు కాల్షియం రోజుకు 1,200 మిల్లీగ్రాములు అవసరం, అది కూడా తిండిలో చూసుకోండి.

ఇప్పుడు నడక

వారానికి 150 నిమిషాల వ్యాయామం చేయమంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. ఆ అంకె చూసి భయపడకండి. అంతా ఒకేసారి కానక్కర్లేదు, పది నిమిషాల నడక రోజుకు రెండుసార్లు మొదలుపెట్టి మెల్లగా పెంచుకోవచ్చు. ఈత కొలను అందుబాటులో ఉంటే అదృష్టమే. నడుము లోతు నీళ్లలో నిలబడితే కాళ్ల మీద పడే బరువు దాదాపు సగమే, ఈత రాకపోయినా అందులో నడవచ్చు. వ్యాయామ సైకిలైతే సీటు ఎత్తుగా పెట్టండి. పెడల్ అడుగుకు వెళ్లినప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగి ఉండాలి, సీటు కిందికి ఉంటే నొప్పి పెరుగుతుంది.

మోతాదు సరిపోయిందో లేదో రెండు గంటల తర్వాత తెలుస్తుంది. అప్పటి నొప్పి మొదలుపెట్టక ముందుకన్నా ఎక్కువగా ఉంటే, మరుసటిసారి కొంత తగ్గించండి. చేసేటప్పుడు కాస్త నొప్పెట్టడం వేరు, అది కీలు అరిగిపోతోందనడానికి గుర్తు కాదు.

చేతికర్ర వాడటానికి మొహమాటపడకండి. అయితే దాన్ని నొప్పి ఉన్న కాలికి అవతలి చేతిలో పట్టుకోవాలి. మెట్లు ఎక్కేటప్పుడు ముందు నొప్పి లేని కాలు, దిగేటప్పుడు ముందు నొప్పి ఉన్న కాలు.

రాత్రిళ్లు ఒంట్లోంచి ఆవిర్లు వచ్చి నిద్ర చెడుతుంటే ఓర్చుకోకండి, వైద్యం ఉంది. నిద్ర చాలకపోతే మర్నాడు ఆకలీ పెరుగుతుంది, నొప్పీ ఎక్కువగా తెలుస్తుంది. హార్మోన్ చికిత్స ఆవిర్లకు బాగా పనిచేస్తుంది, అది అందరికీ పనికిరాదు కాబట్టి మీకు సరిపడుతుందో లేదో డాక్టరే తేల్చాలి. బరువు తగ్గే మందుగా మాత్రం దాన్ని అనుకోవద్దు.

బరువు వారానికి ఒకసారే, ఒకే వేళకు చూసుకోండి. నడుము చుట్టుకొలత కూడా టేపుతో నెలకోసారి కొలిచి రాసుకోండి. కండ పెరుగుతున్నప్పుడు ముల్లు కదలకపోయినా నడుము సన్నబడుతుంది.

ఎంత జాగ్రత్తగా ఉన్నా, మోకాలు వాచి అడుగు వేయనివ్వని రోజులు వస్తాయి. ఆ రోజు నడక మానండి, కాలు ఎత్తుగా పెట్టి, గుడ్డలో చుట్టిన ఐసు 15 నిమిషాలు ఉంచండి. తువ్వాలు అదిమే వ్యాయామం ఓర్చుకోగలిగితే చేయండి, తిండి మాత్రం ఎప్పటిలాగే. రెండుమూడు రోజుల్లో వాపు దిగాక, ఆపిన చోటి నుంచి కాకుండా దానికి సగం నుంచి మళ్లీ మొదలుపెట్టండి. వాపు దిగకపోయినా, జ్వరం తోడైనా ఆగకుండా డాక్టరు దగ్గరకు వెళ్లండి.