పిల్లి తిరిగే వాకిట్లో గన్నేరు ఉండవచ్చునా?

అనంతపురంలో ఇల్లు కట్టుకున్నవారు ప్రహరీ వెంట మొదట నాటే చెట్లలో గన్నేరు ఒకటి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకునే ఈ నేలలో అది పెద్దగా నీళ్లు అడగదు, మేకలు దానిని ముట్టవు, పూజకు పూలకు కొదవ ఉండదు. అయినా ఇంట్లో పిల్లి ఉంటే ఆ చెట్టును తీసివేయడమే మంచిదని నా నిశ్చితాభిప్రాయం. మేకలను దూరంగా ఉంచే ఆ చేదుతో పాటే గుండె కొట్టుకునే తీరును తప్పించే ఒలియాండ్రిన్ వంటి విషాలు ఆకు, పువ్వు, కొమ్మ, వేరు అన్నింటిలోనూ ఉన్నాయి.

గన్నేరు అన్న పేరు మన భాషలో ఒక్క మొక్కది కాదు కనుక, ముందుగా మీ వాకిట్లో ఉన్నది ఏదో చూసుకోవాలి. ఎర్రగన్నేరు, తెల్లగన్నేరు ఒకే మొక్క. సన్నని, పొడవైన, బిరుసు ఆకులు కణుపుకు మూడేసి ఉంటాయి. గంటలాంటి పసుపు పూలు పూసే పచ్చగన్నేరులోనూ గుండెను దెబ్బతీసే విషమే ఉంది, దాని గింజ మరీ ప్రమాదకరం. కుండీల్లో పెంచే బిళ్ళగన్నేరు విషం వేరు రకమైనదే గాని, అదీ పిల్లికి కూడదు. దేవగన్నేరు పాలు నోటిని, కడుపును ఇబ్బంది పెడతాయి; మిగతా వాటంత భయం లేదు.

పచ్చి ఆకు చేదు కనుక పిల్లి దానిని కడుపునిండా తినదు. అసలు భయం ఎండుటాకుతో. ఆషాఢపు గాలికి వసారా గచ్చు మీద ఆ సన్నని ఆకు గరగరమంటూ జరిగితే, మా ఇంటి పిల్లికూన పొంచి దూకి, పంజాతో అణచిపెట్టి, కొన కొరికేది. ఎండినా విషం పోదు. పూలు వేసిన గిన్నెలోని నీటిలోకి కూడా విషం దిగుతుంది కాబట్టి, దేవుడి దగ్గర పెట్టిన ఆ నీటిని పిల్లికి అందనివ్వకండి.

చెట్టును తీసేటప్పుడు చేతి తొడుగులు వేసుకొని, పాలు కంటిలో పడకుండా చూసుకొని, మొదలు మళ్లీ చిగురిస్తుంది గనుక వేరుతో సహా తవ్వించండి. కొమ్మలను కాల్చకూడదు, ఆ పొగ కూడా హాని చేస్తుంది. వీధిలో పారవేస్తే వాడిన ఆకును ఆవులు తినే ప్రమాదం ఉంది కాబట్టి సంచిలో కట్టి చెత్తబండికి ఇవ్వండి. అద్దె ఇల్లయి చెట్టు కొట్టే వీలు లేకపోతే, రోజూ ఉదయమే రాలిన ఆకులు ఊడ్చి, పిల్లిని లోపలే ఉంచండి.

పిల్లి ఆకు కొరికిందని అనుమానం కలిగితే లక్షణాల కోసం ఎదురుచూడవద్దు. చొంగ కారడం, వాంతులు, విరేచనాలు, నీరసం, గుండె మరీ మెల్లగానో అస్తవ్యస్తంగానో కొట్టుకోవడం వరుసగా కనిపించాలని నియమం లేదు. నోటిలో మిగిలిన ముక్కను తీసివేసి, ఉప్పునీళ్లు, పాలు, నూనె ఏదీ పోయకుండా, ఆకు ఒకటి వెంట తీసుకొని వెంటనే పశువైద్యుని దగ్గరకు వెళ్లండి. గుండెను గమనిస్తూ మందులు, సెలైన్ ఇవ్వడం ఇంట్లో అయ్యే పని కాదు.

చెట్టు తీసిన గుంటలో మల్లె గాని గులాబీ గాని నాటవచ్చు, రెండూ పిల్లికి విషం కావు. పక్కనే ఒక కుండీలో గుప్పెడు గోధుమలు చల్లితే వారం పది రోజుల్లో మొలిచే లేత గడ్డిని పిల్లి ఇష్టంగా కొరుక్కుంటుంది.