ఆటోకు బిగించిన ఎల్ఈడీలు మాడిపోతున్నాయా? రెసిస్టర్ లెక్క సరిచూడండి

సమస్య: విజయవాడ ఆటోనగర్‌లోని షెడ్డులో 12 వోల్టుల అడాప్టరుతో పరీక్షించినప్పుడు చక్కగా వెలిగిన మూడు తెల్ల ఎల్ఈడీల వరుస, ఆటోకు బిగించిన కొద్ది రోజులకే మసకబారుతుంది లేదా పూర్తిగా ఆరిపోతుంది.

కారణం: సరుకు నాసిరకమని తీర్మానించే ముందు, ఇంజను నడుస్తుండగా బ్యాటరీ టెర్మినళ్ల దగ్గర మల్టీమీటరు పెట్టి చూడాలి. 12 వోల్టుల బ్యాటరీ అని పేరే గానీ, చార్జింగు సమయంలో అక్కడ 14.4 వోల్టుల వరకు ఉండవచ్చు. తెల్ల ఎల్ఈడీ ఒక్కొక్కటి సుమారు 3.2 వోల్టులు తీసుకుంటుంది కనుక, 12 వోల్టులలో మూడింటికి 9.6 పోగా, వరుసలో కరెంటును అదుపులో ఉంచే రెసిస్టరుకు 2.4 వోల్టులు మిగులుతాయి. దానిని ఎల్ఈడీకి తగిన 20 మిల్లీఆంపియర్ల కరెంటుతో, అంటే 0.02 ఆంపియర్లతో భాగిస్తే, వేయవలసిన రెసిస్టరు 120 ఓములని వస్తుంది. అదే వరుసకు 14.4 వోల్టులు అందితే రెసిస్టరు మీద 4.8 వోల్టులు పడి, కరెంటు దాదాపు రెట్టింపవుతుంది. ఎల్ఈడీని కాల్చేది ఈ అదనపు కరెంటే.

పరిష్కారం: ఎప్పుడూ అత్యధిక వోల్టేజీకే లెక్క కట్టాలి. మూడింటి వరుసకు 270 ఓములు వేస్తే ప్రమాదం తప్పుతుంది గానీ, ఇంజను ఆపినప్పుడు వెలుగు సగానికి పడిపోతుంది. అందుచేత వరుసకు రెండేసి ఎల్ఈడీలు, ఒక 470 ఓముల రెసిస్టరు చొప్పున అమర్చడమే మేలని నా అభిప్రాయం, అప్పుడు 14.4 వోల్టుల దగ్గర 17, 12 వోల్టుల దగ్గర 12 మిల్లీఆంపియర్లు ప్రవహిస్తాయి.

రెసిస్టరు చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంటే దాని వాటేజీ, అంటే అది తట్టుకోగల శక్తి, చాలడం లేదన్నమాట. పై అమరికలో రెసిస్టరు మీద 8 వోల్టులు, 17 మిల్లీఆంపియర్లు కలిసి 0.14 వాటు ఖర్చవుతుంది. పావు వాటు సరిపోయేదే అయినా, రోళ్లు పగిలే రోహిణి కార్తె ఎండలో నిలిచిన బండిలో, గాలి ఆడని డబ్బా లోపల బిగించేటప్పుడు అర వాటు వాడడం శ్రేయస్కరం.

పక్కపక్కన (పారలల్‌గా) కలిపిన ఎల్ఈడీలలో ఒకటి ఎక్కువగా వెలిగి ముందుగా పోతుంటే, అన్నింటికీ కలిపి ఒకే రెసిస్టరు వేశారేమో చూడండి. ప్రతి వరుసకూ విడిగా వేయాలి.

మొదటి నుంచే వెలుగు చాలా తక్కువగా ఉంటే, రెసిస్టరు మీద విలువను తెలిపే రంగుల పట్టీలు పరిశీలించండి. పసుపు, ఊదా, గోధుమ వరుస 470 ఓములు. మూడవది ఎరుపైతే అది 4,700 ఓములు. పాత రెసిస్టర్లలో వేడికి రంగు మారి ఎరుపు, గోధుమ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి, బిగించే ముందే మీటరుతో కొలవాలి.

బిగించిన తరువాత ఇంజను నడిపి, 470 ఓముల రెసిస్టరు రెండు కొసల మధ్య వోల్టేజీ చూడండి. 8 వోల్టులకు అటూ ఇటూగా ఉంటే సరే, 9.4 దాటితే కరెంటు 20 మిల్లీఆంపియర్లు మించినట్టే కనుక 560 ఓములకు మార్చాలి.