కేంద్ర బడ్జెట్‌లో సోలార్, సైన్సు పద్దులు చదివి సలహా ఇచ్చే పని నేర్చుకోవడం ఎలా

గవర్నమెంట్ రిలేషన్స్ సలహాదారుకు, అంటే సంస్థల తరఫున ప్రభుత్వంతో మాట్లాడే వ్యక్తికి, ఢిల్లీలో పరిచయాలుంటే చాలని మన సీమలో చాలామంది అనుకుంటారు. ఏ పద్దులో ఎంత పెట్టారు, ఎంత ఖర్చయింది, మిగిలినది ఎందుకు మిగిలింది అన్నవి కాగితం చూపించి చెప్పలేకపోతే ఆ పరిచయాలు రెండో సమావేశానికి పనికిరావు. ఈ చదువు కర్నూలులోనో కడపలోనో ఉండి నేర్చుకోవచ్చు. పత్రాలన్నీ కేంద్ర బడ్జెట్ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి.

ముందు వ్యయ బడ్జెట్ (శాఖలవారీగా ఖర్చులు చూపే పత్రం) తెరిచి, నూతన, పునరుత్పాదక ఇంధన శాఖను పేరుతో వెతకండి. పద్దు నంబరును నమ్ముకోవద్దు, అది మారుతుంటుంది. నాలుగు గడులు కనిపిస్తాయి. 2025-26 బడ్జెట్ అయితే 2023-24 వాస్తవ ఖర్చు, 2024-25 బడ్జెట్ అంచనా, 2024-25 సవరించిన అంచనా (ఏడాది మధ్యలో ఖర్చు తీరు చూసి మళ్లీ వేసిన లెక్క), 2025-26 బడ్జెట్ అంచనా. కొత్తవాళ్లు రెండో గడిని, నాలుగో గడిని పోల్చి 'ఇంత పెంచారు' అంటారు. ముందు చూడాల్సింది రెండో గడికీ మూడో గడికీ తేడా. అక్కడ అంకె బాగా పడిపోతే, చాలాసార్లు ఆ పథకం నేలమీద కదల్లేదని అర్థం. ఇంకో పొరపాటు: 2024లో ఫిబ్రవరి 1న మధ్యంతర బడ్జెట్, జూలై 23న పూర్తి బడ్జెట్ వచ్చాయి. ఏ పత్రంలోని అంకె వాడుతున్నారో పక్కనే రాసుకోండి. ప్రభుత్వ రంగ సంస్థలు సొంతంగానో అప్పు తెచ్చో పెట్టే బడ్జెటేతర వనరులను ఖజానా సొమ్ముతో కలిపితే లెక్కంతా చెడుతుంది.

సాధనకు గని, శకునాల దగ్గరి కర్నూలు సోలార్ పార్కును తీసుకోండి. దాని సామర్థ్యం 1000 మెగావాట్లు. సోలార్ పార్కుల పథకంలో కేంద్ర సాయం మెగావాటుకు రూ.20 లక్షలు లేదా ప్రాజెక్టు ఖర్చులో 30 శాతం, ఏది తక్కువైతే అది. అంటే ఇంత పార్కుకు గరిష్ఠంగా రూ.200 కోట్లు. అందులో మెగావాటుకు 12 లక్షలు పార్కు కట్టేవారికి, 8 లక్షలు గ్రిడ్ లైన్లకు. ఒక్కో దశ పూర్తయితేనే ఒక్కో విడత వస్తుంది. భూమి తేలకపోయినా, సబ్‌స్టేషన్ ఆలస్యమైనా విడత ఆగుతుంది, ఢిల్లీలో సవరించిన అంచనా తగ్గుతుంది. ఈ గొలుసు అర్థమైతే పనిలో సగం వచ్చినట్టే.

తర్వాత నెలలు. శాఖలను అంచనాలు పంపమని అడిగే ఆర్థిక శాఖ బడ్జెట్ సర్క్యులర్ సాధారణంగా ఆగస్టు, సెప్టెంబరుల్లో వస్తుంది. అక్టోబరు, నవంబరుల్లో ఆర్థిక శాఖలోని వ్యయ కార్యదర్శి ఒక్కో శాఖతో కూర్చుని ఈ ఏటి సవరింపు, వచ్చే ఏటి అంచనా తేలుస్తారు. కాబట్టి మీరు అడిగేది రాసిన నోట్ సెప్టెంబరుకల్లా శాఖ చేతిలో ఉండాలి. జనవరిలో వినతిపత్రం పట్టుకుని ఢిల్లీ రైలెక్కితే ఛార్జీలు దండగ. ఫిబ్రవరి తర్వాత మిగిలేది శాఖల పద్దులను పరిశీలించే పార్లమెంటు స్థాయీ సంఘాలు. సౌరశక్తి, విద్యుత్తు లోక్‌సభ వైపు ఇంధన సంఘానికి, సైన్సు శాఖలు రాజ్యసభ వైపు సంఘానికి వెళ్తాయి. వాటి నివేదికల్లో శాఖలిచ్చే జవాబులు తప్పక చదవండి, ఖర్చు ఎందుకు ఆగిందో అక్కడ రాతపూర్వకంగా ఉంటుంది.

అనంతపురం, కడప యూనివర్సిటీల పరిశోధన గ్రాంట్లలో చిక్కు వేరు. గ్రాంటు సొమ్ము దేనికన్నదాన్ని బట్టి బడ్జెట్‌లో కోడ్ నంబరు మారుతుంది: జీతాలకు 36, ఆస్తుల కల్పనకు 35, మిగతా సాధారణ ఖర్చుకు 31. పరికరం కొనాల్సిన సొమ్ము 31లో అడిగితే ఫైలు వెనక్కొస్తుంది. యూటిలైజేషన్ సర్టిఫికెట్ (ఇచ్చిన సొమ్ము ఇచ్చిన పనికే ఖర్చయిందన్న ధ్రువపత్రం) కేంద్ర ఆర్థిక నిబంధనల్లోని జీఎఫ్ఆర్ 12-ఏ ఫారంలో ఇవ్వాలి, గ్రాంటు మీద వచ్చిన వడ్డీ కూడా చూపాలి. ఇది ఆగితే తర్వాతి విడత ఆగుతుంది. మార్చిలో తోసేద్దామంటే కుదరదు: శాఖలు ఏడాది బడ్జెట్‌లో చివరి త్రైమాసికంలో 33 శాతం, మార్చిలో 15 శాతం మించి ఖర్చు పెట్టకూడదని పరిమితి.

అమెరికాలో లాబీయిస్టులు 1995 చట్టం కింద నమోదు కావాలి. మన దేశంలో అలాంటి చట్టం లేదు, అందుకే మీ క్రమశిక్షణ మీరే పెట్టుకోవాలి. అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ తర్వాత లంచం ఇవ్వడం కూడా నేరుగా నేరమే. ప్రతి భేటీ తర్వాత అదే రోజు మాట్లాడిన విషయాలు ఈమెయిల్‌లో పంపండి. అధికారికిచ్చే నోట్ ఒక్క పేజీ దాటకూడదు: పద్దు పేరు, నాలుగు గడుల అంకెలు, ఖర్చు ఆగిన కారణం, అడుగుతున్న మొత్తం, అది ఏ నెలలో ఖర్చవుతుందో.