కేవీఎం గెస్ట్‌కు ప్రాసెసర్ ఫీచర్ సరిగా అందనప్పుడు: లక్షణం, కారణం, పరిష్కారం

ఒక యంత్రంపై (హోస్ట్) వర్చువల్ మెషిన్లను (గెస్ట్‌లు) నడిపించే కేవీఎం 2007లో 2.6.20 విడుదలతో లినక్స్ కెర్నెల్‌లో చేరింది. అప్పటినుంచి ప్రాసెసర్లలో వచ్చే ప్రతి కొత్త సామర్థ్యాన్నీ అది వర్చువల్ మెషిన్‌ను నడిపే క్యూఎము వంటి ప్రోగ్రాములకు ఐఓసీటీఎల్ (ప్రోగ్రాము కెర్నెల్‌ను సేవ కోరే పద్ధతి) పిలుపుల ద్వారానే అందిస్తోంది. ఒకసారి విడుదలైన పిలుపు రూపాన్ని మార్చకూడదన్నది కెర్నెల్ నియమం కనుక, కొత్త ఫీచర్ వచ్చినప్పుడు బయటపడే లోపాలకు మూలం చాలాసార్లు ఆ ఫీచర్‌లో కాక, ఏళ్ల కిందట రాసిన స్ట్రక్చర్‌లో (పిలుపుతో పంపే డేటా అమరికలో) ఉంటుంది. కింది సమస్యలు వర్చువల్ మెషిన్‌ను నడిపే ప్రోగ్రాము రాసేవారికి ఎదురయ్యేవే అయినా, కొత్త పిలుపును రూపొందించేవారు వాటిని ఇంకా శ్రద్ధగా చూడాలని నా అభిప్రాయం.

లక్షణం: హోస్ట్‌లో ఏఎంఎక్స్ (ఇంటెల్ మ్యాట్రిక్స్ లెక్కల ఫీచర్) ఉన్నా గెస్ట్ దాన్ని వాడుకోలేదు, వాడుకోగలిగినా, దాని స్థితిని సేవ్ చేయబోతే ఈఇన్వాల్ (చెల్లని అభ్యర్థన అనే లోపం) వస్తుంది

ఇవి రెండు వేర్వేరు కారణాల వల్ల వస్తాయి, కాబట్టి ముందుగా ఏది మీదో తేల్చుకోవాలి. గెస్ట్‌కు ఇవ్వగల ఫీచర్లను చెప్పే గెట్ సపోర్టెడ్ సీపీయూఐడీ పిలుపు ఇచ్చిన జాబితాలో 0డి లీఫ్ (పద్దు) చూడండి. అందులో 18వ బిట్ లేకపోతే మీ ప్రోగ్రాము అనుమతి అడగలేదని అర్థం. ఏఎంఎక్స్ టైల్ డేటాకు (మ్యాట్రిక్స్ ముక్కలు ఉంచే రిజిస్టర్ల విలువలకు) 8192 బైట్లు కావాలి. అడగని వారందరికీ అంత చోటు కేటాయించడం ఇష్టం లేక, కెర్నెల్ దీనికి ముందస్తు అనుమతి పెట్టింది. ఆర్చ్ పీఆర్‌సీటీఎల్ అనే సిస్టమ్ కాల్ ద్వారా గెస్ట్ కోసం ప్రత్యేకంగా ఉన్న అనుమతిని, మొదటి వీసీపీయూను (గెస్ట్‌కు కనబడే ప్రాసెసర్‌ను) సృష్టించకముందే కోరాలి. ఆ తర్వాత అడిగితే ఫలితం ఉండదు. అనుమతి కోరని ఫీచర్ బిట్లను కెర్నెల్ ఆ జాబితా నుంచి తీసేస్తుంది.

రెండో కారణం స్ట్రక్చర్ పరిమాణం. ప్రాసెసర్ స్థితిని చదివి ఇచ్చే పాత గెట్ ఎక్స్‌సేవ్ పిలుపు వాడే స్ట్రక్చర్‌లో ఒక్కోటి 4 బైట్ల 1024 పదాలు, అంటే సరిగ్గా 4096 బైట్లు మాత్రమే ఉన్నాయి. ఐఓసీటీఎల్ సంఖ్యలోనే స్ట్రక్చర్ పరిమాణం ఇమిడి ఉంటుంది కనుక, స్ట్రక్చర్‌ను పెంచితే సంఖ్య మారి అది వేరే పిలుపు అయిపోతుంది. టైల్ డేటా ఒక్కటే అందులో పట్టదు. అరకొరగా సేవ్ చేసి మౌనంగా ఉండే బదులు, కెర్నెల్ ఈఇన్వాల్ ఇచ్చి ఆపేస్తుంది. ఆ నిర్ణయం సరైనదే.

2022లో వచ్చిన 5.17 కెర్నెల్‌లో దీనికి ఎక్స్‌సేవ్2 చేరింది. వీఎం ఫైల్ డిస్క్రిప్టర్‌పై చెక్ ఎక్స్‌టెన్షన్ పిలుపుతో ఎక్స్‌సేవ్2 గురించి అడిగితే, కెర్నెల్ అవసరమైన పరిమాణాన్నే జవాబుగా ఇస్తుంది. సున్నా వస్తే ఆ సదుపాయం లేదు, లేకపోతే కనీసం 4096 వస్తుంది. అంత బఫర్ కేటాయించి గెట్ ఎక్స్‌సేవ్2 పిలవాలి. ఇక్కడ ఒక విషయం తప్పక గుర్తుంచుకోవాలి: తిరిగి నింపే సెట్ ఎక్స్‌సేవ్ పిలుపు పేరూ సంఖ్యా పాతవే అయినా, అది ఇప్పుడు ఆ జవాబులో చెప్పినన్ని బైట్లు చదువుతుంది. కాబట్టి దానికి పాత 4096 బైట్ల బఫర్ ఇస్తే కెర్నెల్ దాని చివర దాటి చదువుతుంది. పేరు మారకుండా అర్థం మారే ఇలాంటి ఏర్పాటు నాకు ఇప్పటికీ ప్రమాదకరంగానే తోస్తుంది. కొత్తగా రూపొందించేవారు గెట్, సెట్ రెండింటినీ జంటగా మార్చడం మేలు.

లక్షణం: పీఏఈ (32-బిట్‌లో 4 జీబీ దాటిన మెమరీని వాడే పద్ధతి) వాడే 32-బిట్ గెస్ట్ మరో హోస్ట్‌కు తరలించాక కూలిపోతుంది

పీఏఈలో సీఆర్3ను (పేజీ పట్టిక ఎక్కడుందో చెప్పే రిజిస్టర్‌ను) లోడ్ చేసినప్పుడు ప్రాసెసర్ ఆ పట్టిక పై స్థాయిలోని నాలుగు పీడీపీటీఆర్ విలువలను చదివి తనలో ఉంచుకుంటుంది. ఆ తర్వాత గెస్ట్ మెమరీలోని పట్టికను మార్చినా ప్రాసెసర్ పాత విలువలనే వాడుతుంది. ప్రత్యేక రిజిస్టర్లను నింపే సెట్ ఎస్‌రెగ్స్ స్ట్రక్చర్‌లో వీటికి చోటు లేదు కనుక, తరలింపు తర్వాత కేవీఎం వాటిని మళ్లీ మెమరీ నుంచి చదివేది. ఆ లోపు పట్టిక మారి ఉంటే విలువలు తప్పుతాయి. ఆ స్ట్రక్చర్‌లో ఫ్లాగ్స్ అనే గడి కూడా లేకపోవడంతో, ఉన్న పిలుపును పొడిగించే దారి మూసుకుపోయింది. 5.14లో వచ్చిన ఎస్‌రెగ్స్2 ఆ నాలుగు విలువలనూ, అవి చెల్లుతాయో లేదో చెప్పే ఫ్లాగ్‌నూ చేర్చింది. ఆ సదుపాయం ఉందో లేదో ముందుగా అడిగి, ఉంటే దాన్నే వాడండి.

లక్షణం: ఒక క్విర్క్‌ను (పాత ప్రోగ్రాముల కోసం కేవీఎం ఉంచిన వింత ప్రవర్తనను) ఆపమన్నాను, విజయవంతమైందని జవాబు వచ్చింది, ప్రవర్తన మాత్రం మారలేదు

పాత డిజేబుల్ క్విర్క్స్ సదుపాయం తనకు తెలియని బిట్లను తిరస్కరించకుండా అంగీకరించేది. అందువల్ల కొత్త బిట్‌ను పాత కెర్నెల్‌కు ఇచ్చినా విజయమనే జవాబు వచ్చేది, పని మాత్రం జరిగేది కాదు. డిజేబుల్ క్విర్క్స్2లో చెక్ ఎక్స్‌టెన్షన్ ఏయే బిట్లు చెల్లుతాయో చెబుతుంది, వాటికి బయటి బిట్ ఇస్తే పిలుపు విఫలమవుతుంది. తెలియని బిట్‌ను మొదటి రోజునుంచే తిరస్కరించడం కన్నా చవకైన ముందుజాగ్రత్త మరొకటి లేదు. మొదట్లో అంగీకరించి తర్వాత తిరస్కరిస్తే, అంతవరకు పనిచేసిన ప్రోగ్రాములు ఆగిపోతాయి.

లక్షణం: ఆర్మ్ హోస్ట్‌పై కొత్త కెర్నెల్ నుంచి పాత కెర్నెల్‌కు తరలింపు విఫలమవుతుంది

ఆర్మ్‌లో ప్రతి రిజిస్టర్‌కూ 64-బిట్ ఐడీ ఉంటుంది, దాని పరిమాణం ఆ ఐడీలోనే ఉంటుంది. కొత్త రిజిస్టర్ వస్తే కొత్త ఐడీ చేరుతుందే తప్ప, ఏ స్ట్రక్చర్‌నూ మార్చనక్కరలేదు. నాకు తెలిసిన ఏర్పాట్లలో చక్కగా పొడిగించదగినది ఇదే. అయితే గెట్ రెగ్ లిస్ట్ ఇచ్చే రిజిస్టర్ల జాబితా కెర్నెల్‌తో పాటు పెరుగుతూ ఉంటుంది. కొత్త కెర్నెల్ పంపిన ఐడీని పాత కెర్నెల్ గుర్తించలేక ఈఎన్‌ఓఈఎన్‌టీ (అలాంటిది లేదనే లోపం) ఇస్తుంది.

దీనికి విరుగుడు, గెస్ట్ కోరిన ఫీచర్లే జాబితాలో కనబడేలా చూడటం. ఎస్‌వీఈ (ఆర్మ్ వెక్టర్ లెక్కల ఫీచర్) అలాగే పనిచేస్తుంది: వీసీపీయూ ఇనిట్‌లో దాని బిట్ అడగకపోతే దాని రిజిస్టర్లు కనబడవు. అడిగితే ముందు ఇనిట్, తర్వాత వెక్టర్ పొడవుల రిజిస్టర్‌ను రాయడం, ఆపై ఫైనలైజ్, చివరగా జాబితా. ఈ వరుస తప్పితే ఈపర్మ్ (అనుమతి లేదనే లోపం) వస్తుంది. హైపర్‌వైజర్ సేవలు (గెస్ట్ కేవీఎంను పిలిచి పొందేవి) మాత్రం ఎవరూ అడగకుండానే గెస్ట్‌కు కనబడతాయి కనుక, 5.19లో వాటికోసం బిట్‌మ్యాప్ రిజిస్టర్లు (ఒక్కో సేవకు ఒక్కో బిట్) చేర్చారు. వీసీపీయూ ఒక్కసారి నడిచాక వాటిని మార్చబోతే ఈబిజీ (వాడుకలో ఉందనే లోపం) వస్తుంది, అందువల్ల అక్కరలేని బిట్లను అంతకుముందే తీసేయాలి.

లక్షణం: ఎంఎస్ఆర్‌లు (ప్రాసెసర్ మోడల్‌ను బట్టి ఉండే రిజిస్టర్లు) కొన్ని మాత్రమే పునరుద్ధరణ అయ్యాయి, ఏ లోపమూ నమోదు కాలేదు

సెట్ ఎంఎస్ఆర్‌ఎస్ జాబితాను ఒక్కొక్కటిగా నింపుతూ, ఒకటి విఫలమైన చోట ఆగి, అప్పటివరకు నింపినవాటి సంఖ్యను జవాబుగా ఇస్తుంది. ప్రోగ్రాము రుణసంఖ్య వచ్చిందా అని మాత్రమే చూస్తే మిగిలినవి నిండలేదని తెలియదు. జవాబును మీరు పంపిన సంఖ్యతో పోల్చండి. తక్కువ వస్తే, సున్నా నుంచి లెక్కిస్తే విఫలమైన ఎంఎస్ఆర్ జాబితాలో సరిగ్గా ఆ సంఖ్య ఉన్న స్థానంలోనే ఉంటుంది.