షవర్ సన్నగా వస్తోందా? ఓనర్‌కు ఫోన్ చేసేముందు ఇది చదవండి

కొత్త దేశంలో దిగిన కుర్రాడొకడు, మోటారు పాడైందనుకుని వారాల తరబడి చెంబుతో స్నానం చేశాడు. వంటింటి కుళాయి మాత్రం ధారగా వస్తోంది. అదైనా చూసుకోవద్దా? మిగతా కుళాయిలు బాగుండి షవరొక్కటే సన్నగా వస్తుంటే తప్పు చాలావరకు షవర్ హెడ్‌దే. నా మొదటి నెలల్లో ఇది చెప్పే దిక్కు లేదు, అందుకే రాస్తున్నాను.

హార్డ్ వాటర్‌లోని కాల్షియం, మెగ్నీషియం గట్టిపడి రంధ్రాల మూతి దగ్గర తెల్లగా పేరుకుంటాయి. అందుకే ఒక ధార గోడకి, ఒక ధార కంట్లోకి కొడుతుంది. రంధ్రాలు రబ్బరువైతే బొటనవేలితో గట్టిగా రుద్దండి, సున్నం పొడిలా రాలుతుంది. అప్పటికీ వదలకపోతే ప్లాస్టిక్ సంచిలో మామూలు తెల్ల వెనిగర్ పోసి, హెడ్ మునిగేలా రబ్బరు బ్యాండుతో కట్టేయండి. సన్నగా బుడగలొస్తాయి, అది సున్నం కరగడం. గంట చాలు. బంగారు రంగు, ఇత్తడి పూత ఉంటే నీళ్లు కలిపి, పావుగంటలో తీసేయండి. పాలరాయి మీద వెనిగర్ పడనివ్వకండి, మచ్చ కడిగినా పోదు.

ఇక అసలు సంగతి. వెనిగర్ పోసిన చోట బ్లీచ్ పోయకండి. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. కిటికీ లేని బాత్రూంలో అది చెలగాటం కాదు. "నేనెందుకు కలుపుతాను అన్నా" అంటారు. కావాలని ఎవరూ కలపరు! ఆ భాష రాక, సీసా మీద బొమ్మ చూసి తెచ్చిన క్లీనర్‌లో ఏముందో తెలియదు. సీసా వెనక్కి తిప్పి, హైపోక్లోరైట్ అన్న మాట వెతకండి. చాలా భాషల్లో ఆ పేరు కాస్త అటూ ఇటూగా అలాగే ఉంటుంది. కనబడిందా, ఆ సీసాను ఈ పనికి ముట్టుకోకండి. నిన్న బ్లీచ్‌తో కడిగి ఉంటే ముందు నీళ్లతో బాగా కడిగేయండి. పొరపాటున కలిసి ఘాటు వాసన వస్తే తుడుస్తూ కూర్చోకండి, తలుపు తీసి బయటికి వచ్చేయండి.

వెనిగర్ సంచి తీసేశాక షవర్‌లో వేడి నీళ్లు కాసేపు వదలండి, అంతే.

సరే, మరీ టెన్షన్ పడకండి. ఒట్టి వెనిగర్‌తో పోయేది పెద్దగా ఏమీ లేదు. అప్పటికీ బాగుపడకపోతే ఓనర్‌ని అడిగి కొత్తది బిగించుకోండి, చేత్తో తిప్పితే చాలావరకు ఊడి వస్తుంది. పానా వాడక తప్పకపోతే మధ్యలో గుడ్డ చుట్టండి. గీత పడితే అడ్వాన్స్‌లో కోస్తారు. పాతది మాత్రం పారేయకండి, ఇల్లు ఖాళీ చేసేటప్పుడు మళ్లీ బిగించాలి.