బ్రిటన్ ఎన్నికల ఫలితాన్ని బరంపురంలో కూర్చుని లెక్కకట్టడం ఎలా

2024 జూన్ 4న ఒడిశా అసెంబ్లీ ఓట్ల లెక్కింపు ముగిసేసరికి బిజూ జనతాదళ్‌కు 40.22 శాతం ఓట్లు, 51 సీట్లు వచ్చాయి. బీజేపీకి 40.07 శాతం ఓట్లు, 78 సీట్లు. అదే రోజు లోక్‌సభ లెక్కలో బీజేడీకి 37 శాతం పైనే ఓట్లు పడ్డా ఒక్క సీటూ దక్కలేదు. సరిగ్గా నెలకు, జూలై 4న, బ్రిటన్‌లో లేబర్ పార్టీ 33.7 శాతం ఓట్లతో 650లో 411 సీట్లు పట్టుకుపోయింది. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు వాళ్లకు ఇందులో వింతేమీ లేదు. అక్కడా ఇక్కడా పద్ధతి ఒకటే: నియోజకవర్గంలో మొదట నిలిచినవాడికే సీటు, ఒక్క ఓటు తేడాతో ఓడినా చేతికి సున్నా. కాబట్టి మన దగ్గర పనికొచ్చిన లెక్కే అక్కడా పనికొస్తుంది. కాకపోతే కొన్ని చోట్ల కాలు జారుతుంది.

ముందు తూకంరాయి తేల్చుకోండి

‘అనుకున్నదానికంటే బాగా చేసింది’ అన్నప్పుడు ఆ అనుకున్నది ఎంత? పోయినసారి ఫలితమా, సర్వేలు చెప్పినదా, వచ్చిన ఓట్లకు న్యాయంగా రావాల్సిన సీట్లా? ఈ మూడు రాళ్లు మూడు బరువులు చూపిస్తాయి. లేబర్‌నే తీసుకోండి. 2019లో దానికి 32.1 శాతం వచ్చింది. 2024లో పెరిగింది ఒకటిన్నర శాతమే, పైగా మొత్తం ఓట్లు 1.03 కోట్ల నుంచి 97 లక్షలకు తగ్గాయి. సర్వేలతో పోలిస్తే ఇంకా నిరాశ: అప్పటి అధికార పార్టీ కన్సర్వేటివ్‌లపై చివరి వారం సర్వేల్లో సగటున 20 శాతానికి దగ్గరగా కనిపించిన ఆధిక్యం పెట్టెలు తెరిచాక 10కి పడిపోయింది. సీట్లు చూస్తే మాత్రం 202 నుంచి 411! టీవీ చర్చల్లో ఒకరు లేబర్ విజృంభించిందని, ఇంకొకరు చతికిలపడిందని అరుచుకోవడం వెనక ఉన్నది ఇంతే. తలా ఒక రాయి పట్టుకుని తూస్తుంటారు.

పోయినసారితో పోల్చేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. 2024కి బ్రిటన్‌లో నియోజకవర్గాల హద్దులు మారాయి. కన్సర్వేటివ్‌లు 2019లో గెలిచినవి 365. అవే ఓట్లను కొత్త హద్దుల్లోకి సర్దితే 372 అవుతాయి. మరో పార్టీ లిబరల్ డెమోక్రాట్ల 11 కాస్తా 8కి దిగుతుంది. నష్టమో లాభమో చెప్పేముందు ఈ సర్దిన అంకె వాడారా, పాత అంకె వాడారా అన్నది చూసుకోండి. లేబర్‌కు కొన్నిచోట్ల 411, కొన్నిచోట్ల 412 కనిపిస్తే కంగారు పడొద్దు. ఆ ఒక్కటీ లేబర్ నుంచి వచ్చిన స్పీకర్ సీటు, కొందరు దాన్నీ లేబర్‌లో కలుపుతారు.

నిష్పత్తి వేయడం

ఫోన్‌లోని కాలిక్యులేటర్ చాలు. పార్టీ గెలిచిన సీట్లను మొత్తం సీట్లతో భాగించి నూరుతో హెచ్చిస్తే సీట్ల శాతం. దాన్ని ఓట్ల శాతంతో భాగించండి. 1 వస్తే ఓటుకు తగ్గ సీటు దక్కినట్టు, 1 దాటితే లాభం, తగ్గితే నష్టం.

చేయి అలవాటు పడాలంటే ముందు మన లెక్క వేయండి. ఒడిశాలో బీజేపీకి 147లో 78, అంటే 53 శాతం. 40.07తో భాగిస్తే 1.32. బీజేడీకి 0.86. ఇప్పుడు బ్రిటన్: లేబర్ 1.88, కన్సర్వేటివ్ 0.79, లిబరల్ డెమోక్రాట్లు 0.91, రిఫార్మ్ యూకే (పాత బ్రెగ్జిట్ పార్టీ) 0.05. లేబర్‌కు 2019లో ఇదే నిష్పత్తి 0.97. ఓటు దాదాపు ఉన్నచోటే ఉండి నిష్పత్తి రెట్టింపు అయిందంటే, వెతకాల్సిన కారణం లేబర్ ఓటులో లేదు. అది ఎదుటివాళ్ల ఓటులో ఉంది.

ఓటు ఎక్కడ పడింది

అసలు పని ఇక్కడే, ఎక్కువ సమయం కూడా దీనికే పెట్టాలి. జిల్లా అంతటా తుంపర పడితే ఏ చెరువూ నిండదు, నాలుగు ఊళ్లలో కుండపోత కురిస్తే నాలుగు చెరువులూ అలుగు పారతాయి. రిఫార్మ్‌కు 41 లక్షల ఓట్లు తుంపరలా దేశమంతా పడ్డాయి, సీట్లు 5. లిబరల్ డెమోక్రాట్లకు 35 లక్షలే, సీట్లు 72. వాళ్ల ఓటు 11.6 నుంచి 12.2 శాతానికి, అంటే అర శాతం పైన కాస్త పెరిగింది. దక్షిణ ఇంగ్లండ్‌లో కన్సర్వేటివ్‌లను ఓడించగల చోట్ల మాత్రమే మనుషుల్నీ డబ్బునీ దించి, మిగతా చోట్ల పేరుకు నిలబడ్డారు. ఒక్కో సీటుకు ఎన్ని ఓట్లు ఖర్చయ్యాయో చూడండి: లేబర్‌కు సుమారు 23,600, లిబరల్ డెమోక్రాట్లకు 49 వేలు, రిఫార్మ్‌కు 8 లక్షల 20 వేల పైచిలుకు.

ఇదేం కొత్త కాదు. 1983లో లిబరల్, సోషల్ డెమోక్రాట్ల కూటమికి 25.4 శాతం ఓట్లతో 23 సీట్లే వచ్చాయి. లేబర్‌కు 27.6 శాతంతో 209. 1951లోనైతే లేబర్‌కు కన్సర్వేటివ్‌లకంటే ఎక్కువ ఓట్లు పడ్డా అధికారం పోయింది. ఒడిశాలో 2024లో జరిగింది అచ్చం అదే.

ప్రాంతీయ పార్టీ సంగతి వేరు. స్కాట్లాండ్‌లో మాత్రమే పోటీచేసే స్కాటిష్ నేషనల్ పార్టీ (ఎస్‌ఎన్‌పీ) ఓటు ఒకచోటే కుప్పపడి ఉంటుంది కనుక గాలి అనుకూలిస్తే ఊడ్చేస్తుంది (2015లో అక్కడి 59లో 56). గాలి తిరిగితే అంతే వేగంగా జారుతుంది. 2024లో స్కాట్లాండ్‌లో 30 శాతం ఓట్లు నిలబెట్టుకున్నా మిగిలినవి 9 సీట్లే. బీజేడీ అభిమానులకు ఈ నొప్పి విడమరచి చెప్పక్కర్లేదు.

చీలిక

లెక్క పుస్తకంలో గెలిచిన పార్టీ వరసలో ‘మూడోవాడు ఎవరు?’ అని ఒక గడి పెట్టుకోండి. 2019లో, యూరోపియన్ యూనియన్ నుంచి బయటపడాలనే బ్రెగ్జిట్ పార్టీ కన్సర్వేటివ్‌ల చేతిలో ఉన్న 317 స్థానాల్లో పోటీ నుంచి తప్పుకుంది. ఆ పక్షం ఓటు చీలలేదు, 43.6 శాతంతో పెద్ద మెజారిటీ వచ్చింది. 2024లో ఆ పార్టీయే రిఫార్మ్ పేరుతో దాదాపు అన్నిచోట్లా నిలబడింది, కన్సర్వేటివ్‌లు 23.7 శాతానికి, 121 సీట్లకు కుదేలయ్యారు. చీలిక లేబర్‌నూ కొట్టింది. లెస్టర్ ఈస్ట్‌లో ఆ పార్టీ పాత ఎంపీలు ఇద్దరు విడివిడిగా పోటీచేయడంతో ఆ సీటు కన్సర్వేటివ్‌లకు చిక్కింది. దేశం మొత్తంలో ఆ రాత్రి ఇంకో పార్టీ నుంచి వాళ్లు లాక్కున్నది అదొక్కటే.

తిరగేసి కూడా చూడాలి. 2017లో అప్పటి ప్రధాని థెరిసా మే నడిపిన కన్సర్వేటివ్‌ల ఓటు అయిదున్నర శాతం పెరిగి 42 దాటింది, అయినా సీట్లు 330 నుంచి 317కి పడి మెజారిటీ పోయింది. అప్పుడు లేబర్ కూడా 40 శాతానికి ఎగబాకింది. మీ పార్టీ ఓటు పెరిగిందన్న సంబరం ఎదుటివాడి అంకె చూశాకే.

సర్వేలు తప్పేచోట్లు

1992, 2015లలో సర్వేలు పోటాపోటీ అన్నాయి. కన్సర్వేటివ్‌లు మొదటిసారి ఏడున్నర, రెండోసారి ఆరున్నర శాతం తేడాతో గెలిచారు. 2015 తప్పుపై జరిగిన విచారణ చెప్పిన ముఖ్య కారణం అడిగిన మనుషుల ఎంపికే. సమాజంలో ఎవరెంతో నమూనాలో అంతలేరు, అందులో లేబర్ వాళ్లు ఎక్కువయ్యారు. 2017లో చాలా సంస్థలు లేబర్‌ను తక్కువ చూపించాయి. మరో చిన్న మెలిక: అక్కడి సర్వేల్లో ఎక్కువభాగం ఉత్తర ఐర్లండ్‌ను కలపవు, తుది ఫలితంలో ఆ 18 సీట్ల ఓట్లూ కలుస్తాయి. రెండూ పక్కపక్కన పెడితే పెద్ద పార్టీలకు ఉత్తినే ఒక శాతం దాకా తగ్గినట్టు కనిపిస్తుంది.

ఎగ్జిట్ పోల్ వేరే సరుకు. అక్కడ పోలింగ్ రాత్రి పదికి ముగుస్తుంది, వేసవిలో అది మనకు తెల్లవారుజామున 2:30. పోలింగ్ ముగియగానే మూడు టీవీ సంస్థలు కలిసి ప్రకటిస్తాయి. సుమారు 130 పోలింగ్ కేంద్రాల్లో, వీలైనంతవరకు పోయినసారి అడిగినచోటే మళ్లీ అడిగి మార్పును కొలుస్తారు కనుక పెద్ద పార్టీల దగ్గర సాధారణంగా గురి పెద్దగా తప్పదు. 2024లో లేబర్‌కు 410 అన్నారు, వచ్చింది 411. చిన్న పార్టీల దగ్గర నమ్మకండి: రిఫార్మ్‌కు 13 అన్నారు, 5 వచ్చాయి. లిబరల్ డెమోక్రాట్లకు 61 అంటే 72 వచ్చాయి. మొదట తేలే ఈశాన్య ఇంగ్లండ్‌లోని సండర్లాండ్ వైపు ఫలితం చూసి దేశం గాలి లెక్కకట్టకండి. అవి లేబర్ కంచుకోటలు, లెక్కింపు త్వరగా ముగించడం వాళ్లకొక పందెం.

అన్నట్టు, చదువుకో ఉద్యోగానికో అక్కడికి వెళ్లిన మన పిల్లలు భారత పౌరులైనా, చెల్లే వీసా మీద అక్కడ ఉంటూ 18 నిండినవాళ్లయితే కామన్వెల్త్ పౌరులుగా నమోదు చేసుకుని ఓటేయొచ్చు. బూత్‌కు ఫొటో గుర్తింపు కార్డు తీసుకెళ్లమనండి, 2024 నుంచి సార్వత్రిక ఎన్నికలకూ అది తప్పనిసరి.

లెక్క పుస్తకంలో చివరి పేజీ రెండోస్థానాలకు వదలండి. 2024లో రిఫార్మ్ 98 చోట్ల రెండోది, అందులో 89 చోట్ల ముందున్నది లేబరే. దాని పక్కనే లేబర్ సన్నగా గెలిచినవి రాసుకోండి: హెండన్‌లో 15 ఓట్ల తేడా, పూల్‌లో 18. వచ్చేసారి తెల్లవారుజామున 2:30కి ముందు తెరవాల్సిన పేజీ ఇదే.