ఆన్‌లైన్ క్లాసులో గొంతు పెగలాలంటే

కరోనాతో బడులు మూతపడ్డప్పుడు, 2020 సెప్టెంబరు 1న తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్లలో బడి పాఠాలు మొదలయ్యాయి. టీవీలో చెప్పే పాఠానికి పిల్లలు ఎదురు ప్రశ్న వెయ్యలేరు కదా, అందుకని సాయంత్రాలు కాసేపు జూమ్‌లో లెక్కల సందేహాలు తీర్చడం మొదలుపెట్టాను. మొదటి రోజు ఇరవై ఆరు మంది చేరారు, తెర నిండా నల్లటి గళ్లే. భిన్నాల కూడిక చెప్పి "అర్థమైందా?" అంటే ఒక్కరూ పలకలేదు. వీళ్లకి చదువు మీద ధ్యాస లేదనుకున్నాను. తర్వాత ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తే తెలిసింది, సగం మందికి మైక్ ఎక్కడ నొక్కాలో తెలియదు, తెలిసినవాళ్లకేమో వెనక కుక్కర్ విజిల్, తమ్ముడి ఏడుపు అందరికీ వినిపిస్తాయని సిగ్గు.

పిల్లలకైనా మనకైనా అసలు భయం పాఠమంటే కాదు, పదిమంది ముందు తప్పు చేస్తామేమోనని. కాబట్టి తప్పు చేసినా ఏమీ కాని చోటు ముందు చూపించాలి.

మొదటి రెండు క్లాసుల్లో పాఠం జోలికి పోకండి. మైక్ తెరిచి ఇవాళ ఏం కూర తిన్నారో చెప్పమనండి, మళ్లీ మూసెయ్యమనండి. చాట్‌లో ఊరి పేరు రాయమనండి. చెయ్యి ఎత్తే బొమ్మ నొక్కమనండి. కావాలని ఒకసారి బయటికెళ్లి మళ్లీ లోపలికి రమ్మనండి, ఎందుకంటే నెట్ పోయినప్పుడు పిల్లలకి వచ్చే టెన్షన్ అంతా "మళ్లీ టీచర్ రానిస్తారో లేదో" అనే. సిలబస్ వెనకబడుతుందని కంగారు పడొద్దు, ఈ రెండు రోజులూ ఎక్కడికీ పోవు.

కెమెరా ఆన్ చెయ్యమని మాత్రం బలవంతం పెట్టకండి. ఒక్క గది ఇంట్లో, నాన్న పని నుంచి వచ్చాక చేతికొచ్చిన ఫోన్‌తో కూర్చున్న పిల్లకి ఆ కెమెరా ఎంత బరువో మనకి తెలియాలి, పైగా వీడియో ఆపితే డేటా కూడా మిగులుతుంది. మొహం చూపించకపోయినా నోట్‌బుక్ ఫొటో తీసి పంపొచ్చు, అది చాలు.

నాకు అన్నిటికంటే పనికొచ్చింది చాట్. జూమ్‌లో చాట్ హోస్ట్‌కి, అంటే క్లాసు నడిపే మనకి, మాత్రమే వెళ్లేలా పెట్టుకోవచ్చు. గూగుల్ మీట్ వాడేవాళ్లు జవాబు విడిగా వాట్సాప్‌లో పంపమంటే సరిపోతుంది. ఒకరోజు 1/2కి 1/3 కలిపితే ఎంతో నాకొక్కదానికే రాయమన్నాను. అంతకుముందు నోరు విప్పని పిల్లలు కూడా రాశారు, సగానికి పైగా 2/5 అనే రాశారు! పేర్లు చెప్పకుండా "మీలో చాలామందికి ఇదే వచ్చింది, పైవి పైకి, కిందివి కిందికి కలిపేశారు, ఇలా అనిపించడం సహజమే, కానీ 2/5 అంటే సగం కంటే తక్కువ కదా, సగానికి ఇంకొంచెం కలిపితే సగం కంటే ఎలా తగ్గుతుంది?" అన్నాను. కాసేపటికి ఒకమ్మాయి మైక్ తెరిచి "టీచర్, 5/6 కదా?" అంది. ఆ గొంతు వినడం అదే మొదటిసారి. తప్పు తనొక్కదానిదే కాదని తెలిసినప్పుడే ఆ పిల్లకి మాట వచ్చింది. కాబట్టి "అర్థమైందా" అని అడగడం మానేయండి, దానికి అందరూ అవుననే అంటారు. చిన్న లెక్క ఇచ్చి జవాబు తెప్పించుకోండి.

ఇక మన సంగతి. తోటి టీచర్ ఒకరిని పిల్లల స్థానంలో కూర్చోబెట్టి ఒక పూర్తి క్లాసు చెప్పి చూడండి, వీలైతే రెండో ఫోన్‌తో మీరే విద్యార్థిగా కూడా చేరండి. దాని మైక్, స్పీకర్ రెండూ ఆపకపోతే గీ అని మోత వస్తుంది, జాగ్రత్త. పిల్లలకి ఏం కనిపిస్తోందో మీ కళ్లతో మీరు చూస్తే సగం బెరుకు అక్కడే పోతుంది. మీరు రాసింది మీ తెరమీద తిరగబడి కనిపిస్తే కంగారు పడకండి, అది మీకే అలా ఉంటుంది, అవతలివాళ్లకి సరిగ్గానే కనిపిస్తుంది. ఖరీదైన పరికరాలేవీ అక్కర్లేదు. టేబుల్ మీద పుస్తకాల దొంతర పేర్చి, ఫోన్‌ని కెమెరా బయటికి వచ్చేలా పైన పెట్టి, మీద ఇంకో బరువైన పుస్తకం ఆనిస్తే కింద కాగితం మీద రాసే ప్రతి అంకే కనబడుతుంది. జూమ్ ఉచిత ఖాతాలో మీటింగ్ 40 నిమిషాలకే ఆగిపోతుంది కాబట్టి పాఠం ముప్పైకి ముగించి మిగతాది ప్రశ్నలకి ఉంచండి.

నెట్ పోతే ఏం చెయ్యాలో కూడా ముందే చెప్పేయండి: ఐదు నిమిషాలు చూడండి, నేను రాకపోతే ఫలానా లెక్క చేసి ఫొటో పంపండి, రాత్రికి వాయిస్ మెసేజ్‌లో వివరిస్తాను అని. ఈ ఒక్క మాట అనుకుని ఉంటే ఇటు మనకీ అటు వాళ్లకీ గుండెదడ ఉండదు.

వారానికోసారి మీ క్లాసు రికార్డు చేసుకుని ఐదు నిమిషాలు వినండి. ప్రశ్న అడిగాక ఎంతసేపు ఆగుతున్నారో చూడండి. నేను మూడు సెకన్లకే జవాబు చెప్పేస్తున్నానని అలా వింటేనే తెలిసింది, మరి మైక్ వెతుక్కుని నొక్కడానికే పిల్లలకి అంతకంటే ఎక్కువ పడుతుంది. అప్పట్నుంచి మనసులో పది లెక్కపెట్టుకుంటున్నాను. ఏడో ఎనిమిదో అంకె దగ్గర ఎవరో ఒకరు మైక్ తెరుస్తారు.